బాపు మెడికల్ బోర్డుకు వెళ్లిన ఏడాది

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు లెక్కల సారు నల్లబల్ల మీద ‘సంభావ్యత’ అని రాసి, చాక్‌పీసు పట్టుకుని కాసేపు ఆగారు. ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడు ఆ వేళకే ఉంటుంది. కిటికీ రెక్కలు ఒకసారి అదిరాయి. గోడ సున్నం కొంచెం రాలింది. సారు దాన్ని చేత్తో దులిపి పాఠం మొదలుపెట్టారు. భూపాలపల్లిలో పాఠం చెప్పే ఎవరికైనా అది అలవాటే. ఆయనది జనగామ. శనివారం సాయంత్రం బస్సెక్కి సోమవారం పొద్దున తిరిగి వచ్చేవారు.

నేను అప్పుడు పదో తరగతి. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం చివరి పాఠాలు. “కడమవన్నీ రాకున్నా ఈ రెండు చదివితే గట్టెక్కుతరు” అని సారు వెనక బెంచీల వైపు చూసి అనేవారు. నాకు లెక్కలు బాగానే వచ్చేవి. అయినా ఆ పాఠాన్ని నేను మిగతా అందరికంటే శ్రద్ధగా విన్నాను. దానికి కారణం మా ఇంట్లో ఉంది.

బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గుండె బలహీనపడిందని అంతకు ముందు ఏడాది డాక్టరు చెప్పి గోలీలు రాశాడు. బాయి పనివాళ్లకు ఒక పద్ధతి ఉంది. జబ్బు వల్ల ఇక పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, దాన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. అప్పుడు కొడుక్కు ఉద్యోగం వస్తుంది. ఫిట్ అంటే మళ్లీ బాయిలోకి దిగాలి. రిటైర్‌మెంట్ దగ్గరపడితే ఆ అవకాశం కూడా ఉండదు. అన్న డిగ్రీ మధ్యలో ఆపేశాడు. చెల్పూర్ పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికితే పోయేవాడు, లేకపోతే గడప మీద కూర్చునేవాడు. మా ఇంట్లో అందరం ఎదురుచూసింది బాపు అన్‌ఫిట్ కావాలనే. ఈ మాట ఇట్లా రాస్తే బయటివాళ్లకు ఘోరంగా ఉంటుంది. మా వాడలో అది మామూలు మాట.

దసరా ముందు బాపు మొదటిసారి బోర్డుకు వెళ్లి వచ్చాడు. అమ్మ నీళ్ల చెంబు చేతికివ్వకుండానే అడిగింది.

“ఏమన్నరు?”

“మంచిగనే ఉన్ననట.”

అమ్మ చెంబు అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. భర్త ఆరోగ్యంగా ఉన్నాడని విని ఒక ఆడమనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను.

సాయంత్రం పక్క క్వార్టర్ పెదనాయిన వచ్చాడు. మాకు చుట్టం కాదు, వరసకు అట్లా పిలిచేవాళ్లం. బాపుతో ఒకే షిఫ్టులో చేసి, ముందే అన్‌ఫిట్ అయి కొడుక్కు ఉద్యోగం ఇప్పించుకున్నవాడు.

“నిన్ను జూస్తె డాక్టర్లే తమ బీపీ సూపించుకుంటరుర. గంత నున్నగ గడ్డం గీక్కొని పోతరా ఎవలన్న? పెండ్లిచూపులనుకున్నవా?”

“ఉన్నది ఉన్నట్టు కనబడాలె గదనే.”

“ఏడ కనబడతది? గోలీలు మింగి దాన్ని లోపల్నే పండవెడితివి.”

బాపు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు.

సంక్రాంతి సెలవుల తర్వాత సారు అందరికీ ప్రాజెక్టు పని ఇచ్చారు. ఎవరి వాడలో వాళ్లు ఏదో ఒక విషయం మీద వివరాలు అడిగి తెలుసుకుని, దాని సంభావ్యత కట్టాలి. కొందరు రోడ్డు మీద పోయే బండ్ల రంగులు చూశారు. నేను మా క్వార్టర్ల వరసలో బోర్డుకు వెళ్లినవాళ్ల గురించి అడిగాను. ఎవరూ దాచలేదు. వాకిట్లో బియ్యం ఏరుతున్న ఆడవాళ్లు ఎవరు అయ్యారో, ఎవరు కాలేదో, ఎవరి కొడుకు ఏ బాయిలో చేరాడో చెప్పారు. అన్‌ఫిట్ అయినవాళ్లు సగం కన్నా తక్కువ ఉన్నారు.

సారు నా కాగితం చదివి, “గిది ఎవరి కోసం కట్టినవమ్మా?” అన్నారు.

“మా బాపు కోసం సార్.”

ఆయన కాగితం మళ్లీ ఒకసారి చదివారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. “లెక్క తప్పు లేదు. కని వీళ్లందరు వేరే మనుషులు. వేరే జబ్బులు. మీ నాయినది గిండ్ల లేదు.” ప్రాజెక్టుకు పూర్తి మార్కులు వేశారు.

ఇంటికి వచ్చేసరికి బాపు మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఆయనకు నా ప్రాజెక్టు సంగతి తెలుసు.

“ఎంతచ్చింది బిడ్డా?”

“సగం కన్న తక్కువనే.”

“గదెట్ల? అయితె అయితది, లేకుంటె కాదు. ఉన్నయే రెండు. సగం రావాలె గద.”

పదో తరగతి పిల్లలు చేసే మొదటి తప్పు అదే. నేను చెప్పాను. “పాచికకు ఆరు దిక్కుల ఒక్కతీర్గ ఉంటది బాపూ, అందుకే అన్నిటికి ఒక్కతీర్గ వస్తది. ఇది గట్ల కాదు. రెండున్నయని సగం సగం కాదు.”

“మరి నాది పెంచాలంటె ఎట్ల?”

“లెక్కల పెంచుడు ఉండదు. ఉన్నదాన్ని కట్టుడే.”

“నేనేమన్న పాచికనా?” అన్నాడు. ఆ మాట కోపంగా అనలేదు. ఆలోచిస్తూ అన్నాడు.

ఆ తర్వాత ఆయన గోలీలు మానేశాడు. రెండో పిలుపు పరీక్షల ముందు రావచ్చని ఆఫీసులో ఎవరో చెప్పారట. అమ్మ రోజూ పొద్దున గోలీలు, నీళ్లు పెట్టేది. ఆయన గ్లాసు ఖాళీ చేసేవాడు, గోలీలు అక్కడే ఉండేవి. అమ్మ వాటిని తీసి మళ్లీ డబ్బాలో వేసేది. ఇంట్లో అందరికీ తెలుసు. కొన్ని వారాలకు పాదాలు వాచాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా పూడేది. ఆయన అది నొక్కి చూసుకునేవాడు. చెప్పులు పట్టకపోతే సంతోషించినట్టే కనిపించేవాడు. బాయి గేటు దాకా నడిచేసరికి రెండుసార్లు ఆగవలసి వచ్చేది.

ఒకరోజు అన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. “నాకద్దు బాపూ గీ కొలువు. గోలీలు మింగు.”

“నీకు కావాల్నని నేను అడిగిన్నా? కూసో, తిను.”

“సస్తె ఎవలు జవాబు జెప్తరు?”

“సచ్చేటోనికి ఆకలైతదార? నాకైతాంది. పప్పు ఎయ్యవే” అన్నాడు అమ్మతో. అమ్మ వేసింది. అన్న మళ్లీ కూర్చున్నాడు.

సంభావ్యత పాఠంలో ‘అనుకూల పర్యవసానం’ అనే మాట ఉంటుంది. మనం దేని గురించి అడిగామో అది జరగడం, అంతే. అది మంచిదా చెడ్డదా అన్నది లెక్కకు అక్కర్లేదు. సారు ఆ మాట చెప్పినప్పుడు నేను రాసుకున్నాను. దానికి మించి ఏమీ ఆలోచించలేదు.

రెండోసారి బోర్డు అన్‌ఫిట్ అంది. బాపు మాసిన గడ్డంతో, అన్న భుజం పట్టుకుని ఆటో దిగాడు. వాడకట్టంతా వచ్చింది. ఎవరో మిఠాయి తెచ్చారు. అమ్మ అందరికీ చాయ్ పోసింది. ఆడవాళ్లు ఆమెతో “ఇగ నీకేం రంది లేదక్కా” అన్నారు. పెదనాయిన లోపలికి పోయి తనే నీళ్లు ముంచుకొచ్చాడు.

“అయిపాయె గద. ఇగ మింగుర గోలీలు.”

బాపు అందరి ముందు మింగాడు. కొందరు చప్పట్లు కొట్టారు.

డాక్టరు మళ్లీ పరీక్ష చేసి, గోలీలు మార్చాడు. గుండె చాలా వాచిందని, పాత స్థితికి రావడం కష్టమని చెప్పాడు. అమ్మ ఆ మాటను ఇంట్లో రెండుసార్లు చెప్పింది. మేం విన్నాం. మందు పడింది కదా, తగ్గుతుందనుకున్నాం. పని మానేసిన మనిషి, విశ్రాంతి ఉంది, తగ్గకుండా ఎట్లా ఉంటుంది అనుకున్నాం.

లెక్కల పరీక్షలో సాంఖ్యక శాస్త్రం నుంచి బల్బుల జీవితకాలం ఇచ్చి మధ్యగతం కనుక్కోమన్నారు. నేను సరిగ్గానే చేశాను.

ఎండలు ముదిరాక అమ్మ ఆయన్ని గూడూరు దగ్గర తన తల్లిగారి ఊరికి తీసుకుపోయింది. అడవి పక్క ఊరు, చల్లగా ఉంటుందని. నేనూ వెంట వెళ్లాను. అక్కడ ఆయన వారం పాటు బాగానే ఉన్నాడు. వేపచెట్టు కింద పడుకుని, మా మామలతో కొత్తగా కొలువులో చేరబోయే అన్న గురించి మాట్లాడేవాడు. “ముందుగాల్ల సర్ఫేస్ మీద ఏత్తరు, కిందికి దింపరు” అని చెప్పేవాడు. ఒక పొద్దున ఊపిరి అందలేదు. మహబూబాబాద్ దవాఖానకు ఆటోలో తీసుకుపోయాం. ఆయన తల నా ఒళ్లో ఉంది. దవాఖానలో చేయాల్సినవి చేశారు. మధ్యాహ్నానికి పోయాడు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. సారు ఫోన్ చేసి చెప్పారు. బాపు సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. “చదువు ఆపకమ్మా” అన్నారు.

నేను ఆపలేదు. ఇప్పుడు జనగామలో ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. ఏటా ఆ పాఠం చెప్పక తప్పదు. పాచిక, నాణెం, రంగు గోళీలు. రెండే ఉన్నాయి కాబట్టి సగం అని ప్రతి తరగతిలో ఒకరైనా అంటారు. కాదని చెప్పి, ఎందుకు కాదో చెప్పి, తర్వాతి లెక్కకు పోతాను.

అన్న బాయిలో చేరాడు, అదే క్వార్టర్‌లో ఉంటాడు. అమ్మ అతని దగ్గరే. బాపు పోయిన కొత్తలో వాడలోవాళ్లు అన్నను అడగడానికి వచ్చేవారు. బోర్డు ముందు మీ బాపు ఏం చేసిండు, ఏ గోలీ ఆపిండు, ఎప్పటిసంది ఆపిండు అని. అన్న తెలిసినంత చెప్పేవాడు. వాళ్లు శ్రద్ధగా వినేవారు.

మొన్న నేను వెళ్లినప్పుడు ఒకాయన తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయాసంతో మెట్టు మీదే కూర్చున్నాడు. అన్న కొంతసేపు ఆయన పాదాల వైపు చూశాడు.

“డాక్టర్ దగ్గరికి పో కాకా. గోలీలు ఆపకు.”

“గట్ల నువ్వు కొలువుల కూసోని జెప్తవు బిడ్డా, మంచిగనే ఉన్నది.”

ఆయన తన కొడుకు చేయి పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. అమ్మ తలుపు దగ్గరికి వేసింది.

మా ఇంట్లో ఇప్పుడు ఆ సంగతి అడిగినవాళ్లకు చెప్పడం లేదు.