ఫైటర్ చేపకు కొసరు

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మాకు కొట్టు ముందు, ఇల్లు వెనక. మా తాతయ్య నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాల కంటే ముందు బేరం నేర్పారు. "కొసరు అడక్కుండా ఏ కొట్టు మెట్టూ దిగకూడదే అమ్మడూ" అనేవారు. కొసరంటే కొన్నదాని మీద ఊరికే వేయించుకునే నాలుగు గింజలు. అవి పడకపోతే కొన్న సరుకంతా దండగ అనిపించేది నాకు. ఇప్పటికీ గుడిలో ప్రసాదం పెట్టే ఆయన్ని కూడా వదలను.

ఒక వేసవిలో తాతయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. వీధి చివరి దాకా వినబడే గొంతు అది. ఏలూరు తీసుకెళ్లి పెద్ద డాక్టరుగారికి చూపిస్తే, "మాట ఇక రాదండి. మనిషి కూడా ఎన్నాళ్లో చెప్పలేం. ఇంట్లో ప్రశాంతంగా ఉంచండి" అన్నారు. నాన్న తలూపారు. నేను మాత్రం దాన్ని మొదటి ధర కింద లెక్కేసుకున్నాను. మొదటి ధరకు ఒప్పుకునే వంశం కాదు మాది. తాతయ్య చేత ఎలాగైనా మళ్లీ మాట్లాడించాలని పట్టుపట్టాను.

తిరిగి వస్తూ సోడా కోసం కారు ఆపితే, ఎదురుగా రంగుచేపల కొట్టు. తాతయ్య చూపు ఒక నీలం చేప దగ్గర ఆగిపోయింది. తడిసిన పట్టుచీర కుచ్చెళ్లలా ఉంది దాని తోక. ఫైటర్ అంటారట. మా ఇంట్లో చేప అన్న మాట వింటేనే అమ్మ చెవులు మూసుకునేది. అయినా తాతయ్య చూశారు కదా అని నాన్న దాన్ని చిన్న గాజుతొట్టితో సహా కొనేశారు.

"మరి కొసరో?" అన్నాను.

కొట్టాయన నవ్వాడు. "దీనికి తోడు కుదరదమ్మా. ఇంత తొట్టిలో అసలే కుదరదు. రంగుల తోక కనబడితే చాలు, ఇంకో ఫైటర్ అనుకుని మీద పడుద్ది."

"ఒక్కటీ ఉంటే దిగులు పెట్టుకోదా?"

కాసేపు వాదించి, నా పోరు పడలేక రంగుతోకల చిన్న గప్పీ చేపల్ని రెండింటిని కవర్లో వేశాడు. "మీ అమ్మాయి గట్టిదేనండి," అన్నాడు నాన్నతో. "చెప్పాల్సింది చెప్పాను. తరవాత నన్ననకండి."

తెల్లారేసరికి గప్పీల తోకలు పీలికలయ్యాయి. సాయంత్రానికి రెండూ తేలాయి. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాటిని పెరట్లో పూడ్చింది.

నేను ఊరుకుంటానా? కలిదిండి చెరువుల చేపలు తట్టలో తెచ్చి అమ్మే ఆవిడ పక్క వీధిలో వెళ్తుంటే ఆపి, మా ఫైటర్‌కు తోడేదైనా ఇమ్మన్నాను.

"కొర్రమీను పిల్లల్ని తెచ్చియ్యనా? ఎర్రగా ముద్దొస్తాయి. కాస్త పెరిగాయంటే నీ చేపని మింగేసి, ఆనక నీ వేలు అడుగుతాయి!" అని పకపకా నవ్వింది. సరే, ఇంకేదైనా కొసరు ఇమ్మన్నాను. ఏమీ కొనకుండా కొసరు అడిగిన మనిషిని ఆవిడ మొదటిసారి అప్పుడే చూసి ఉంటుంది. తట్ట మీద తడి కోసం కప్పిన కొల్లేటి నాచు కాస్త తీసి నా చేతిలో పెట్టింది. దాన్నే తెచ్చి తొట్టిలో వేశాను.

చేప సంగతి అలా ఉంచి, తాతయ్యకు తోడు వెతికాను. ఎదుటి బెల్లం కొట్టు తాతగారు ఆయనకు ఈడు జోడు. జీవితమంతా ఇద్దరూ అరుచుకుంటూ బేరాలాడుకున్నవాళ్లే. చెయ్యి పట్టుకుని ఆయన్ని లాక్కొచ్చాను.

"ఏవయ్యోయ్! నీ నోటికి ఊరంతా దడుచుకునేది కదయ్యా! ఇదిగో బెల్లం తెచ్చాను. నల్లగా ఉంది, ధర తగ్గించమను. అనవయ్యా! ఒక్కసారి అను!"

పాపం, మంచికే అన్నారు. తాతయ్య నోరు తెరిచారు. పెదవి వంకర తిరిగింది, చొంగ కారింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. తరవాత గోడ వైపు తిరిగిపోయారు. బెల్లం తాతగారు ఉత్తరీయంతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

కాసేపటికి తాతయ్య గూట్లో ఉన్న గడ్డం గీసుకునే అద్దం వైపు చూపించారు. తెచ్చిచ్చాను. ఎడమచేత్తో దాన్ని తొట్టికి ఆనించి పట్టుకున్నారు. ఫైటర్ ఒక్కసారిగా రెక్కలు విప్పి, మొప్పలు ఉబ్బించి, అద్దంలోని తన మీదికే దూకింది. మూతి గాజుకు కొట్టుకుంటున్నా ఆగలేదు.

"తీసెయ్యండి తాతయ్యా, చచ్చిపోతుంది!" అని ఏడ్చాను.

తీశారు. చేప సోలిపోయి అడుక్కి దిగింది. తాతయ్య అదే అద్దంలో తన మొహం చూసుకున్నారు. బెల్లం తాతగారు వెళ్లిన గుమ్మం వైపు చూశారు. అద్దాన్ని మంచం మీద బోర్లా పెట్టేశారు. బెల్లం తాతగారి పెద్ద గొంతులో ఆయనకు ఒకప్పటి తనే ఎదురుపడ్డారని నాకప్పుడు కొంచెం తెలిసింది.

ఇక ఎవరినీ పిలవలేదు. కొన్నాళ్లకు తొట్టి గోడ మీద శెనగగింజంత నత్త కనబడింది. నాచుతో పాటు వచ్చినట్టుంది. ఫైటర్ దగ్గరికి వెళ్లి, మూతితో ఒకసారి తాకి చూసి, దాని మానాన దాన్ని వదిలేసింది. రంగు లేదు, తోక లేదు. పాచి తింటూ అది గోడ పట్టుకుని పాకుతుండేది. తాతయ్య వేలితో నత్తను చూపించారు. తరవాత నన్ను. తరవాత మంచం పక్కన నేలను.

కూర్చున్నాను. వసపిట్టలాంటి దాన్ని, ఏదో అనబోయాను. తల మీద ఆయన ఎడమచెయ్యి పడింది. నోరు మూసుకున్నాను.

ఆ వేసవి సెలవులన్నీ అక్కడే కూర్చున్నాను. దానివల్ల బాగుపడింది ఏమీ లేదు. మాట రాలేదు. వానాకాలం ముగియకముందే తాతయ్య వెళ్లిపోయారు. ఆ చలికాలంలో ఫైటర్ కూడా పోయింది. నత్తను తీసుకెళ్లి కాలవలో వదిలాను.

ఇప్పుడు ఏలూరులో మా ఆయన మంచాన పడి ఉన్నారు. ఇప్పటి డాక్టరుగారూ ఆనాటి మాటే అన్నారు, ఈయన గది మాత్రం ఏసీది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఇంకొన్నాళ్లు కొసరు వెయ్యండి బాబూ" అని అడిగేశాను. డాక్టరుగారు నవ్వలేదు. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం, "లేవండి బావగారూ, పేకాటకు చెయ్యి తక్కువైంది" అని గట్టిగా ఉత్సాహపెడతారు. మా ఆయన కళ్లు మూసుకుంటారు. వాళ్లను కాఫీ వంకతో వరండాలోకి తీసుకెళ్లిపోతాను.

వాళ్లు వెళ్లాక మంచం పక్కన చాప వేసుకుని కూర్చుంటాను. మోకాళ్లు ఒప్పుకోవు, అయినా కిందే కూర్చుంటాను. ఏమీ మాట్లాడను. ఆయన చెయ్యి పక్కకు జారితే, తగలడానికి నా తల అక్కడ ఉండాలి.