పదిహేడో మోకాలు

ఖమ్మంలోని ఆ స్కానింగ్ సెంటర్లో జ్యోత్స్న, ఫిల్ముపై ఎముక మొనకు చుక్క పెట్టే ముందు తన మోకాలినే బొటనవేలితో నొక్కి చూసుకుంటుంది. ఆ అలవాటు నేర్పింది తనతోపాటు అక్కడే పనిచేసే దేవ్లా అన్నే. ఒకరిది ఒకరు చూడకుండా ఇద్దరూ అవే నలభై మోకాళ్ల ఫిల్ములకు విడివిడిగా చుక్కలు పెట్టాలి. ఇద్దరి చుక్కలూ ఎంత కలిస్తే, వాటి నుంచి తీసే ఎముక కొలత అంత నమ్మదగ్గదని డాక్టరు లెక్క. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూసి ఆయన మురిసిపోయాడు. జ్యోత్స్న మాత్రం పదిహేడో ఫిల్ము దగ్గరే ఆగిపోయింది. తన చెయ్యి జారి కండలో పడిన చుక్క, దేవ్లా ఫిల్ములోనూ సరిగ్గా అక్కడే ఉంది.

డాక్టరు వెళ్లాక అడిగింది: "గిదెట్ల కలిసిందన్నా?"

"నువ్వు పెట్టినంక నేను మళ్ల చూసుడెందుకు? నీ చెయ్యి మీద నాకంత నమ్మకం చెల్లె," అని నవ్వాడు దేవ్లా.

తర్వాతి ఫిల్ము ముందు ఆమె బొటనవేలు అలవాటుగా మోకాలిదాకా పోయి, అది నేర్పింది ఎవరో గుర్తొచ్చి, నొక్కకుండానే వెనక్కి వచ్చింది.