చీరపేలూ, చర్చి బేస్‌మెంటూ, మా ఆంటీ

పోయిన మంగళవారం పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్తూ రైల్లో నిలబడి ఉంటే మా తెలుగు చర్చి గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, మా పై ఫ్లోర్ ఆంటీ ప్రభువునందు నిద్రించారని. కిడ్నీలు పాడై కొన్ని నెలలుగా డయాలసిస్ మీద ఉన్నారు. అందరం సిద్ధపడే ఉన్నాం. అయినా నేను దిగాల్సిన స్టేషన్ వచ్చి వెళ్ళిపోయిన సంగతి కూడా చూసుకోలేదు.

సమాధి కార్యక్రమంలో ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆవిడ శాంతమూర్తి అన్నారు, ఎవర్నీ నొప్పించని మనిషి అన్నారు. శవపేటిక ముందు వాదన పెట్టుకోవడం బాగుండదని ఊరుకున్నాను గానీ, ఇక్కడ ఊరుకోను. ఆంటీ శాంతమూర్తి కాదు. పోట్లాడే మనిషి. ఆవిడ పోట్లాడకపోయుంటే ఈ ఊళ్ళో ఒక మనిషి ఇవాళ బతికి ఉండేవాడు కాదు.

బాపట్ల దగ్గర పుట్టి, ఇక్కడ అమెరికాలో ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక జెర్సీ సిటీలో మా బిల్డింగ్‌లోనే ఒక్కరే ఉండేవారు. చలికాలం వస్తే చీర మీద పొడుగాటి కోటు, కాళ్ళకి రన్నింగ్ షూస్. అల్లం టీ పెట్టి ఫోన్ చేసేవారు, "కిందేగా ఉన్నావు, రా అమ్మాయ్" అని. వెళ్తే టీ కన్నా ముందు ఆ వారం ప్రసంగం మీద విమర్శ వచ్చేది. కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకునేవారు. మాటలో నిజం తక్కువైతే మాత్రం సర్దుకునేవారు కాదు.

మా స్టేషన్ మెట్ల పక్కన ఒక అమెరికన్ పెద్దాయన కూర్చునేవారు. ఒకప్పుడు ట్రక్కులు నడిపారట. ఉద్యోగం పోయి, ఇల్లు పోయి, రోడ్డు మీదకొచ్చారు. ఆంటీ ఆయన్ని ఆదివారం ఆరాధన అయ్యాక భోజనానికి రమ్మన్నారు. ఆయన వచ్చి చివరి బెంచీలో కూర్చునేవారు. తినేటప్పుడు కూడా వీపూ నడుమూ గోక్కుంటూనే ఉండేవారు. ఒక ఆదివారం ఎవరో ఆయన చొక్కా కాలర్ మడతలో పాకుతున్న పేలని చూశారు. మరుసటి వారానికి ఆయన చుట్టూ బెంచీలన్నీ ఖాళీ. ఆ పై వారం మా సంఘ పెద్ద గారు గ్రూప్‌లో రాశారు, బయటి వాళ్ళకి భోజనం ఇక తలుపు దగ్గరే పార్సిల్ ఇస్తామని. పిల్లలున్న చోటు కాబట్టి అందరూ అర్థం చేసుకోవాలని.

ఆంటీ ఆ మెసేజ్ నాకు చదివి వినిపించి నవ్వారు. "ఇవి తలలో పేలు కావే. చీరపేలు. బట్టల కుట్లలో కాపురం ఉంటాయి. మా నాయనమ్మ కాగులో బట్టలు ఉడకబెట్టేది, అంతే, పోయేవి. దీనికి మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టడమేంటి?"

పార్సిల్ మొదలైన రెండో వారం నుంచి పెద్దాయన రావడం మానేశారు. స్టేషన్ దగ్గరా లేరు. ఆంటీ నన్ను వెంటబెట్టుకుని వెతికారు. ఒక బస్ షెల్టర్‌లో వణుకుతూ పడుకుని ఉన్నారు. కాలిపోయే జ్వరం. మోకాళ్ళ కింద ఎముకలో సుత్తి పెట్టి కొడుతున్నట్టుందన్నారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. వైరల్ ఫీవర్ అని మాత్రలిచ్చి పంపేశారు. జ్వరం తగ్గింది, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఈసారి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మళ్ళీ తీసుకెళ్ళాం.

ఈసారి ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి ఓపిగ్గా అడిగింది. కుక్కలు, పిల్లులు ఏమైనా ఉన్నాయా, ఎలకలున్న చోట పడుకున్నారా, అడవుల్లో తిరిగారా, ఒంటి మీద ఏవైనా కుట్టాయా అని. ఆయన అన్నిటికీ లేదనే అన్నారు. దుప్పటి మెడ దాకా లాక్కుని గోడకేసి చూస్తూ చెప్పారు. ఎందుకు దాస్తున్నారో ఆంటీకి అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆ బెంచీలు ఖాళీ అవడం ఆయన కళ్ళారా చూశారు కదా.

ఆంటీ కుర్చీ దగ్గరగా జరుపుకుని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన మెడ దాకా లాక్కున్న దుప్పటి వదిలేశారు. తర్వాత, మీరే చెప్పండి అన్నారు.

ఆంటీ చెప్పారు. గొంతు తగ్గించలేదు, సారీ చెప్పలేదు. ఆయన బట్టల్లో పేలున్నాయి, చాలా నెలలుగా ఉన్నాయి, ఒళ్ళంతా గోకుడు పుళ్ళు, చూడండి అన్నారు. డాక్టరమ్మ కూర్చుంది. మళ్ళీ మొదట్నుంచి అడిగింది. వేరే రక్తపరీక్షలు రాసింది, గుండె స్కాన్ చేయించింది.

కొన్ని రోజులకి తేలింది. ఆ పేలు మోసుకొచ్చే బాక్టీరియా ఒకటుందట. పేను మలం చర్మం మీద పడుతుంది, గోక్కున్న చోట అది రక్తంలోకి పోతుంది. పెద్దాయన రక్తంలో చేరి గుండె వాల్వ్ మీద స్థిరపడింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏం చేయలేకపోయేవాళ్ళం అంది డాక్టరమ్మ. వారాల తరబడి యాంటీబయాటిక్స్, ఆ తర్వాత వాల్వ్ ఆపరేషన్. ఆ బాక్టీరియా పేరు ఆంటీకి చివరి దాకా నోరు తిరగలేదు. బస్సులో తిరిగొస్తూ కిటికీలోంచి చూస్తూ అన్నారు. "జబ్బుకి నోరుంటే 'నా సంగతి ఎవరికీ చెప్పొద్దు' అంటుంది అమ్మాయ్. ఆ మాట దాని బదులు మనమే అంటున్నాం."

ఆ నెల సంఘం మీటింగ్‌లో ఆవిడ లేచారు. చర్చి బేస్‌మెంట్‌లో వాషర్, డ్రయ్యర్ పెడదాం, శనివారాలు ఎవరైనా వచ్చి స్నానం చేసి బట్టలు ఉతుక్కుంటారు, గట్టి వేడికి పేలూ గుడ్లూ చస్తాయి అన్నారు. సంఘ పెద్ద గారు చెడ్డవారు కాదు. మర్యాదగానే చెప్పారు, సేవ మంచిదే గానీ పిల్లలు తిరిగే చోట శుభ్రత ముఖ్యం అని. చాలామంది తలలూపారు.

ఆంటీ అప్పుడన్న మాట ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. "బ్రదర్ గారూ, మన తాతల్ని ఊరి చివర నిలబెట్టినవాళ్ళు కూడా ఈ శుభ్రత మాటే చెప్పారు. నీళ్ళు ముట్టనివ్వకుండా, మురికివాళ్ళు అన్నారు. ఆ మాట ఇప్పుడు మన నోట్లోంచి వస్తే నేను వినను."

అయినా ఎవరూ ఒప్పుకోలేదు. తర్వాత చూద్దాం అని ప్రార్థన చేసి ముగించారు. ఆంటీ తర్వాత దాకా ఆగలేదు. ఆ శనివారమే పెద్దాయన స్నేహితులిద్దరి బట్టలు సంచుల్లో మూటగట్టి మా బిల్డింగ్ లాండ్రీ రూమ్‌కి తెచ్చారు. మేనేజ్‌మెంట్ నుంచి కంప్లయింట్ వచ్చింది. మరుసటి శనివారం మళ్ళీ తెచ్చారు. ఈసారి నేను కూడా సంచులు మోశాను. చివరికి పాస్టర్ గారే ఇంటికొచ్చి బేస్‌మెంట్ తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టారు. టీ తాగి వెళ్ళమన్నారు ఆంటీ. గెలిచానన్న మాట మాత్రం అనలేదు. డ్రయ్యర్ ఎక్కడ పెట్టాలో అడిగారు.

సమాధి దగ్గర ఒకావిడ నా చెవిలో అడిగింది, ఆ బట్టలు ముట్టుకునే కదా ఆంటీకి ఈ జబ్బొచ్చింది అని. కాదు. షుగర్ వల్ల కిడ్నీలు పోయాయి. పేల వల్ల ఆవిడకి ఏమీ కాలేదు. ఈ మాట ఇంకెవరి నోట్లో మెదులుతున్నా ఇక్కడితో ఆపేయండి.

ఆవిడని పూడ్చిపెట్టిన మర్నాడు శనివారం. బేస్‌మెంట్ మూసేద్దామా అని గ్రూప్‌లో ఎవరో అడిగితే, సంఘ పెద్ద గారే రాశారు, తెరుస్తున్నామని. నేను వెళ్ళేసరికి డ్రయ్యర్ తిరుగుతోంది. దాని ముందు పెద్దాయన నిలబడి ఉన్నారు. ఇప్పుడాయనకి ఉండడానికి ఒక గది ఉంది, ఛాతీ మీద నిలువుగా మచ్చ ఉంది. మెషిన్ ఆగింది. ఒక నీలం చొక్కా తీసి, కాలర్ తిరగేసి, కుట్టు పొడుగునా బొటనవేలితో తడిమి చూశారు. ఏమీ లేదు. మడతపెట్టి, టవల్ చుట్టుకుని వరసలో నిలబడ్డ మనిషికి అందించారు. ఆ మనిషి చొక్కా తొడుక్కోలేదు. వేడివేడిగా ఉందేమో, రెండు చేతుల్తో మొహానికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు.