ఎద్దుల గంటలు, ఎగ్గొట్టిన మహారాజులు

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో కొంటామనేవాళ్లకు కొదవ లేదు, డబ్బు కట్టేవాళ్లకే కరువు. శంషాబాద్ దిక్కున విమానాశ్రయం, తుక్కుగూడ మీదుగా రింగు రోడ్డు వస్తున్నాయని తెలిసిన దగ్గర్నుంచి సాగర్ రోడ్డు మీద టీకి ఆగిన ప్రతివాడూ ఒక ప్లాటు బేరమాడేవాడు. తెల్ల చొక్కా, చంకలో లేఅవుటు కాగితం, నోట్లో 'రేపొచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటా' అనే మాట. ఆ రేపు మాత్రం వచ్చేది కాదు. వాళ్లను నమ్మి ఎదురుచూసే రైతులను చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. డిగ్రీ పాసై, బస్టాండు పక్కన నెట్ సెంటర్‌లో నెలజీతానికి కుదిరాను, ఊళ్లో పిల్లల పరీక్షా ఫలితాలన్నీ నా వేళ్ల మీదుగానే వెలువడుతుండేవి కనుక, మోసపోవడమనేది చదువు లేనివాళ్లకు వచ్చే జబ్బని నా గట్టి నమ్మకం. (ఇరవై మూడేళ్ల వయసులో ఇలాంటి నమ్మకాలు మనిషికి మస్తుగా ఉంటాయి.)

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, పశువుల అంగడిలో దళారి. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపితే పైన తువ్వాల కప్పేవాడు. ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. తువ్వాల తీశాక ఇక మాట మార్చడమనేది ఉండదు. పొలాల్లో ప్లాట్ల హద్దులకు తెల్లరాళ్లు పాతిన ఏడాది ఆయన తన చివరి జత ఎద్దులను కూడా అమ్మేశాడు. వాటి మెడల్లో కట్టిన ఇత్తడి గంటల పట్టెడలు రెండు మాత్రం ఇంట్లో మిగిలాయి. ఒకరోజు పాత ఇత్తడి కొనే ఆయన వస్తే తువ్వాల కిందే బేరం కుదిరింది, బయానా కింద పెద్దబాపు చేతిలో ముందుగా వంద రూపాయలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే నా చదువు నోరు తెరిచింది.

"ఆగు పెద్దబాపు! గీ ఇత్తడి ధరకు ఇస్తవా? కంప్యూటర్ల వేలం పెడితే ఢిల్లీ, బొంబాయోళ్లు ఎగబడి కొంటరు. పదింతలొస్తది. నాదీ పూచీ."

పెద్దబాపు నా ముఖం చూశాడు, గంటలు చూశాడు, చివరికి ఆ వంద వెనక్కిచ్చేశాడు. ఇత్తడాయన తిట్టలేదు. "దళారీ, నువ్వు గూడ మాట తప్పినవా?" అని సంచీ సర్దుకుని పోయాడు. అంతే, ఆ వారం అంగడంతా అదే ముచ్చట. ఇంటికొచ్చి పెద్దబాపు నాతో అన్న మాట నాకింకా గుర్తే. "నలభై ఏండ్లల్ల మాట తప్పింది గిదొక్కసారే, గది గూడ నీ నోరు చూసి. దాన్కంటె ఎక్కువ ధర తేకుంటే అంగడిల నేను తువ్వాల పట్టలేను బిడ్డా." ఇంటర్నెట్ ఉండగా భయమేమిటని నేను సర్దుకున్నాను.

వేలం సైటులో గంటల ఫొటోలు పెట్టి, కింద 'రాజుల కాలం నాటి రథపు ఎద్దుల గంటలు' అని రాశాను. (అవి మా చెరువుగట్టు కింద నాగలి లాగిన ఎద్దులవి. కానీ రాజు ఎవరో నేను రాయలేదు గదా.) వారం తిరిగేసరికి 'మహారాజా' అనే పేరు గలవాడు, నేను కలలో కూడా అడగని ధరకు పాడేసుకున్నాడు. ఆ సాయంత్రం టీ హోటల్లో అందరికీ నేనే టీ పోయించాను. మహారాజు బ్యాంకులో డీడీ తీస్తున్నానన్నాడు. తర్వాత డీడీ పోస్టులో వేశానన్నాడు. ఆ తర్వాత వాళ్ల నాయనమ్మ పోయింది. నేను సంతాపం తెలియజేస్తూ ఇంగ్లీషులో పేజీన్నర ఉత్తరం రాశాను. పదమూడో రోజు దాటినా జవాబు రాకపోతే మళ్లీ వేలం పెట్టాను. ఈసారి ఇంకో పేరుగలవాడు గెలిచాడు, ఆయన నాయనమ్మా పోయింది, అదీ అక్షరం పొల్లుపోకుండా అవే మాటల్లో. మూడోసారి 'డబ్బు కట్టేవాళ్లు మాత్రమే పాడవలెను' అని ఎర్రక్షరాల్లో పెడితే, ఒకాయన ధరలో ఎద్దులు కూడా కలిసున్నాయా అని అడిగాడు. సైటువాళ్లకు ఫిర్యాదు చేస్తే, మీ అసౌకర్యానికి చింతిస్తున్నామని, కొన్నవారితో సామరస్యంగా మాట్లాడుకోమని రాశారు. ఎవరితో మాట్లాడాలి, ఆ నాయనమ్మతోనా?

పెద్దబాపు రోజూ అంగడి దారి తప్పించుకుని, సందుల్లోంచి నెట్ సెంటర్‌కు వచ్చేవాడు.

"వచ్చిండా నీ మహారాజు?"

"వస్తడు పెద్దబాపు, డీడీ పోస్టుల ఉంది."

"బయానా ఇచ్చిండా?"

"గిండ్ల బయానా ఉండదు."

"మరి మనిషిని చూసినవా? ఎద్దును కొనాలంటేనే నోరు తెరిచి పండ్లు చూస్తం గదరా! గిట్ల ధర లేపి పోయేటోళ్లు అంగడిల గూడ మస్తుగుంటరు. గాళ్లకు కొనుడు గాదు, నలుగురి ముంగట కొన్నట్టు కనవడుడు గావాలె." జాలిపడి ఒక కిటుకు చెప్పాడు. "ముందుగాల మనోడే ఒకడు ధర పెట్టాలె, గప్పుడు బేరం వేడెక్కుతది. గని యాడ ఆగాలెనో వానికి ఎర్కుండాలె."

మొదటి వాక్యం నాకు బాగా వినిపించింది. ఇంకో పేరుతో ఖాతా తెరిచాను. నాలుగో వేలంలో పుణె నుంచి ఒక రిటైర్డు మాస్టారు దిగారు. గంటలు ఎలా మోగుతాయో అడిగారు, గెలిస్తే డబ్బు ముందే పంపుతానని తనే రాశారు. ఇత్తడాయన ధరకు రెండింతలు దాటి పాడారు. పెద్దబాపు పరువుకు ఆ మాత్రం చాలు, నా ఆశకే చాలలేదు. నా దొంగ పేరుతో ఒక వంద పెంచాను, ఆయన పెంచారు. నేను మళ్లీ పెంచాను, పెంచారు. ఇంకొక్కసారి పెంచి చూద్దామని అయిదొందలు వేశాను. మాస్టారు ఆగిపోయారు, వేలం ముగిసింది. మీ వస్తువు అమ్ముడైందని నాకు అభినందనలు, వస్తువు గెలుచుకున్నారని మళ్లీ నాకే అభినందనలు వచ్చాయి. మాస్టారికి బతిమాలుతూ రాస్తే, అప్పటికే వేరే చోట కొనేశానని, మీ గంటలకు మంచి ఆసామి దొరికినందుకు సంతోషమని జవాబిచ్చారు.

అప్పుడే పెద్దబాపు లోపలికొచ్చాడు. "ఎంతకు పోయినయ్?" నోరు జారి ఆ ధర చెప్పేశాను. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ఎద్దులు అమ్మాక చూడలేదు. అటు నుంచి సందుల్లోంచి కాకుండా నేరుగా అంగడికే నడిచిపోయాడు. ఇత్తడాయనతో సహా అందరికీ ఆ ధర చెప్పేశాడని సాయంత్రానికి తెలిసింది.

తర్వాతి మూడు వారాలూ నేను ఎగ్గొట్టేవాళ్ల భాషంతా నేర్చుకున్నాను. కొన్నాయన డీడీ తీస్తున్నాడన్నాను. పోస్టులో ఉందన్నాను. ఇక మిగిలింది నాయనమ్మే. నోటిదాకా వచ్చాక ఎందుకో ఆగిపోయాను. 'మహారాజా'ను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి నిజంగా సిగ్గేసింది. రెండు నెలల జీతం ముందే ఇమ్మని ఓనరు కాళ్లావేళ్లా పడి, ఆ డబ్బు తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టాను.

ఆయన లెక్కపెట్టుకున్నాడు. వంద రూపాయల నోటు ఒకటి తీసి నా జేబులో కుక్కాడు.

"ఇదేంది పెద్దబాపు?"

"దస్తూరి, అంటె దళారి కమీషన్. కొనేటోన్ని తెచ్చినోనికి దక్కాలె గద. గంటలు పంపినవా మరి?"

"పంపిన. నిన్ననే పార్శిల్ చేసిన."

"అట్లనా? మరి పొద్దున పిల్లి దూరితే నీ మంచం కింద ఏం మోగినయ్‌రా?"

పెద్దబాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుంటూ, "మాట నిలవడ్డది, పైసలొచ్చినయ్. కొన్నోని ముఖం నాకెందుకు?" అని వెళ్లిపోయాడు. ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు సుమా! దళారి దళారే.

పెద్దబాపు ఇప్పుడు లేడు. ఆ గంటలు నాదర్‌గుల్‌లో మా అపార్టుమెంటు తలుపుకు వేలాడుతున్నాయి. వచ్చినవాళ్లు ధరెంతని అడిగితే, అమ్మేవి కావంటాను. ఆ వేలం సైటు కూడా ఎప్పుడో మూతపడింది. కానీ మూతపడేనాటికి నా దొంగ ఖాతా పేరు కింద ఒకే ఒక్క మెచ్చుకోలు ఉండేది, డబ్బు కట్టిన రోజు అమ్మినవాడి హోదాలో నేను రాసింది. 'మూడు వారాలు తిప్పించాడు, అబద్ధాలాడాడు, చివరికి కట్టాడు. మళ్లీ వస్తే అమ్ముతాను.' గంటలు మోగినప్పుడల్లా ఆ దొంగ ఖాతా కుర్రాడు గుర్తొస్తాడు. వస్తే ఇప్పటికీ వాడికి అమ్ముతాను గానీ, ఈసారి బయానా మాత్రం ముందే తీసుకుంటాను.