రెండో అంతస్తుకు ఊరేగింపు

సిక్ లీవులో ఉన్నవాడు కాళ్లు చాపుకుని ఊరికే జీతం తింటున్నాడని గుసగుసలాడేది ఇది చదువుతున్న మీరే. ఇలాంటి రూల్సు పుట్టేది ఆ గుసగుసల్లోంచే.

మోకాలి ఆపరేషన్ అయ్యాక నా సెలవు పొడిగించాలంటే, నడవలేనని నేనే స్వయంగా ఆఫీసుకు వచ్చి చూపించాలట. లేకపోతే వచ్చే నెల నుంచి జీతం ఆపేస్తారట. చూపించాల్సిన గది రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు.

సంగతి తెలిసి, మా జంగ్లీఘాట్ వీధిలో ఉండే జాలరి అప్పన్న ఇవాళ చేపల వేట మానుకుని తన పడవ మనుషులతో వచ్చాడు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పడవ లాగేటప్పటిలాగే "హైలెస్సా" అంటూ మెట్లెక్కించారు. మధ్యలో నేనొక ఉపన్యాసం మొదలుపెట్టాను గానీ ఆ కేకల్లో ఎవరికీ వినిపించలేదు. గదుల్లోంచి జనమంతా బయటికొచ్చారు.

గుమస్తా మన తెలుగువాడే. నన్ను ఎగాదిగా చూసి, "నడవలేకపోతే ఊపర్ కైసే ఆయే, సార్?" అని ఇక్కడి హిందీ కలిపి, పైకెలా వచ్చానని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అప్పన్న అందుకున్నాడు. "పడవ నడిచొచ్చి ఒడ్డెక్కుద్దేటి భయ్యా? మేం లాగితేనే గదా."

అందరూ ఘొల్లున నవ్వారు. గుమస్తా కూడా నవ్వాపుకోలేక లోపలికెళ్లి అధికారిని బయటికి తీసుకొచ్చాడు. ఆయన వరండాలోనే నా సెలవు కాగితం మీద సంతకం పెట్టేశారు. దిగేటప్పుడు కుర్చీకి ఒక పక్క గుమస్తాయే పట్టాడు.

ఇంతగా నవ్వి చాలా కాలమైంది. అలాగని కోపం తగ్గిందనుకోకండి. నా డిమాండ్లు ఇవి, మీవి కింద చేర్చండి:

– రోగుల్ని చూసే గది కింది అంతస్తులో పెట్టాలి.
– ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్‌ను నమ్మాలి.
– కోలుకుంటున్న మనిషి జీతం ఆపకూడదు.
– అప్పన్న లేనివాళ్లు ఎలా ఎక్కాలో ఎవరైనా జవాబు చెప్పాలి.