పంటు దిగి మామా సైకిలెక్కింది

సౌదీలో ఏరు లేదు. వాన పడితే ఓ పూట పారి, మర్నాటికి ఇసకైపోయే వాగులు తప్ప మరేం లేవు. అలాంటి దేశంలో పగలంతా సైకిలు తొక్కి, రాత్రిళ్లు పడవలో పడుకునే విహారయాత్ర ఒకటుందని మా మేడమ్ చెప్పినప్పుడు, గోదారి ఒడ్డున పుట్టినదాన్ని కదా, నాకు నవ్వాగలేదు. నేను నవ్వుతూ నిలబడ్డ కాసేపట్లో పొయ్యి మీది గహ్వా కాస్తా పొంగిపోయింది. కాఫీ మళ్లీ కాచుకున్నాను.

నేను పనిచేసే ఇల్లు అల్ ఖర్జ్‌లో. ఇంటాయన్ని బాబా అంటాను, ఆయన భార్యని మేడమ్ అంటాను. వాళ్లకి ఇద్దరు పిల్లలు. ఆ పైన బాబా వాళ్లమ్మ. ఆవిణ్ని ఈ దేశపు పద్ధతిలో మామా, అంటే అమ్మా, అని పిలవాలి. మా ఊళ్లో మామ అంటే మీసాలుంటాయి. మొదట్లో పిలవడానికి సిగ్గుపడి చచ్చాను గాని, పదకొండేళ్లలో అలవాటైపోయింది. చెప్పాలంటే మా మామాకి మీసాలొక్కటే తక్కువ. ఆవిడ గొంతు వింటే పక్కింటి పిల్లి కూడా గోడ దిగిపోతుంది.

సముద్రం రాస్ తనూరా అనే ఊరికి ఇవతల ఒకచోట లోపలికి చొచ్చుకొచ్చి పాయలా ఉంటుంది. నీళ్లు లోతుండవు, ఒడ్డంతా మడ చెట్లు. మా యాత్ర అక్కడ. పడవను చూడగానే "ఓరి, ఇది మన పంటే!" అని పైకే అనేశాను. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ మేకల్నీ ఒకే దరిద్రంలో కలిపి గోదారి దాటించే బల్లపరుపు పంటు ఉంటుందే, అదే. ఒకప్పుడు రాళ్లు మోసిందట. ఇప్పుడు దాని మీద గదులు కట్టి, పరుపులు వేసి, ఏసీలు పెట్టారు. పొద్దున్నే సైకిళ్ల వాళ్లు ఒడ్డు వెంట బయల్దేరతారు. పంటు నీళ్ల మీద నెమ్మదిగా తరవాతి రేవుకి వెళ్లి కూర్చుంటుంది. సాయంత్రానికి అందరూ అక్కడ చేరతారు. సైకిలు తొక్కని వాళ్లు సామానుతో పాటు వ్యానులో రావాలి. సైకిలు తొక్కని వాళ్లంటే మామా, నేను.

వ్యాను నడిపేది మా ఇంటి డ్రైవరు, హైదరాబాదు భాయ్. మొదటి రోజు కిటికీలోంచి చూస్తే బాబా, మేడమ్, పిల్లలు, మిగతా జనం టోపీలు బిగించుకుని వరసగా పోతున్నారు. అందరికంటే ముందు దారి చూపించే అమ్మాయి. ఆ ఊరి పిల్లే, మెళ్లో ఈల. సైకిలు కోసమే కుట్టించుకున్న పొట్టి అబాయాలో, అదే బురఖాలాంటి నల్ల అంగీలో, గాలిలా పోతోంది. మామా ఆ అమ్మాయిని మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"యా బింత్, ఆ పెట్టెలో ఏముంది?"

యా బింత్ అంటే ఓ పిల్లా అని. నాకు నలభై దాటినా ఆవిడకి పిల్లనే.

"బట్టలు, మామా."

"దాని పక్కన?"

"పిల్లల బూట్లు."

"మరి ఈ సీట్లో?" అంటూ తన గుండె మీద అరచేత్తో కొట్టుకుంది. ఆవిడే చెప్పింది. "ఇదీ ఒక పెట్టే. మొదట మా నాన్న ఎక్కించేవాడు, దించేవాడు. తర్వాత మొగుడు. ఇప్పుడు కొడుకు. నా అంతట నేను ఎక్కడికీ వెళ్లలేదు, పక్క వీధికి కూడా. నీకు ఆ సైకిలు వచ్చా?"

"వచ్చు."

"అయితే నేర్పు."

భాయ్‌కి అరబీ నాకంటే బాగా వచ్చు. అద్దంలోంచి నన్ను చూసి తెలుగులోకి దిగాడు. "అక్కా, జర సోంచాయించు. ముసలామె పడి నడుమిరిగిందనుకో, బాబా నీకు ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి తోలుతడు. మల్ల భాయ్ చెప్పలే అనొద్దు."

"శుభం పలకరా మంకెన్నా అన్నట్టుందండీ భాయ్, మీ వరస. పడితే కదా! ఇసకే గదండీ, పడినా ఏటవద్దీ?" అన్నాను గాని, లోపల గుబులుగానే ఉంది. ఎగ్జిట్ అంటే మాటలా? ఊళ్లో నా కూతురి నర్సింగు చదువు నా జీతం మీదే నడుస్తోంది.

ఆ సాయంత్రం పంటు మీద అందరూ ఖర్జూరాలు తింటూ ఉండగా మామా తన కోరిక బయటపెట్టింది. బాబా ముందు నవ్వాడు. తర్వాత కుదరదన్నాడు. తర్వాత ఎముకల డాక్టరు ఏమన్నాడో గుర్తు చేశాడు. మామా అన్నీ విని, ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకుని, "నేను నిన్ను అడగలేదు, చెప్పాను" అంది. చివరికి దారి చూపించే అమ్మాయే మధ్యేమార్గం తీసింది. ఆఖరి రోజు పొద్దున రేవు దగ్గర్నుంచి ఒడ్డు మీద పాతిన జెండా దాకా మామా ఎవరి సాయమూ లేకుండా తొక్కగలిగితే, చివరి మజిలీ అందరితో కలిసి తొక్కొచ్చు. తొక్కలేకపోతే వ్యాను. బాబా సరేనని, నా వైపు వేలు చూపించాడు.

"ఆవిడకి ఏమైనా అయితే నువ్వు మీ ఊరికే."

దారి చూపించే అమ్మాయికి సాయంత్రాలు సైకిళ్ల గొలుసులకి నూనెలు, టైర్లకి గాలులు, వచ్చిన వాళ్ల కాళ్లకి పట్టీలు. ఓ పొట్టి సైకిలు, ఓ హెల్మెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. చదువంతా నా మీద పడింది.

మొదటి చిక్కు అబాయాతో. అది గొలుసులో పడితే ఇద్దరం గోవిందా. మా వైపు ఆడవాళ్లు నాట్లేసేటప్పుడు చీర కుచ్చెళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుం దగ్గర దోపుతారు. మామాకి అలాగే గోచీ దోపాను. లోపల పైజామా ఉంది కాబట్టి పరువుకి లోటు లేదు. మామా వంగి తనని తాను చూసుకుని, "మీ దేశంలో ఆడవాళ్లంతా ఇలాగే ఉంటారా?" అంది. పని ఉన్నవాళ్లంతా ఇలాగే ఉంటారన్నాను.

నేను వెనక క్యారేజీ పట్టుకుని పరుగు, ఆవిడ ముందు ఊగుడు. నా వంటింటి అరబీ ఈ చదువుకి చాలలేదు. తిట్టడానికి అసలు చాలలేదు. ఇంట్లో నోట్లో నాలుక లేనిదానిలా ఉండే నేను, క్యారేజీ చేతికి రాగానే తెలుగులో విరుచుకుపడ్డాను. "తొక్కు! తొక్కవే తల్లీ! చక్రం కేసి చూత్తావేంటి, చక్రం ఎక్కడికీ పోదు! ముందుకి చూడు!" జీతమిచ్చే ఇంటి పెద్దావిణ్ని అలా కేకలేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆవిడకీ హాయిగానే ఉన్నట్టుంది. రెండో రోజుకి తనే "తొక్కు, తొక్కు" అని తనకి తాను చెప్పుకోవడం మొదలెట్టింది.

ఒకసారి పడింది. ఇసకలో మెత్తగానే పడింది గాని నా పైప్రాణాలు పైనే పోయాయి. మామా వెల్లకిలా పడుకునే కాళ్లు కదిపి చూసుకుని, "ఇంతేనా? దీని కోసమా అందరూ ఇన్నాళ్లూ నన్ను భయపెట్టింది?" అంది. మూడో సాయంత్రం నేను పట్టుకోకుండానే మడ చెట్ల దాకా వెళ్లింది. అలిసిపోతే "యా బింత్!" అని అరిచేది, నేను పరిగెత్తుకెళ్లి హేండిలు పట్టుకునేదాన్ని. నేను అందకపోతే ఇసక దిబ్బలోకి పోనిచ్చేది, సైకిలు దానంతటదే ఆగేది.

ఆఖరి రోజు పొద్దున అందరూ జెండా దగ్గర వరస కట్టారు. బాబా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భాయ్ వ్యాను తలుపు తెరిచే ఉంచాడు, ఎందుకైనా మంచిదని. మామా బిస్మిల్లా అనుకుని, గోచీ సర్దుకుని, సైకిలెక్కింది. రెండు వంకర్లు పోయింది. ఆ తర్వాత గాలిపటం గాలి అందుకున్నట్టు నిలదొక్కుకుని, వీపు నిటారుగా పెట్టి, తిన్నగా వచ్చింది. జెండా దాటింది. జనం చప్పట్లు కొట్టారు, పిల్లలు గంతులేశారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

చప్పట్లు అయిపోయాయి. మామా ఆగలేదు.

"బస్, మామా! ఖలాస్!" అని బాబా అరిచాడు. మామా ఇంకాస్త దూరం పోయింది. దారి చూపించే అమ్మాయి నా వైపు తిరిగి, "బ్రేకు నేర్పావు కదా?" అంది.

మా ఊళ్లో కాలవ గట్టు మీద నేను నేర్చుకున్న అద్దె సైకిలుకి బ్రేకులే లేవు. మా పిల్లలెవరికీ అదో లోటనిపించలేదు. ఆపాలంటే మడమ నేలకి రాసేవాళ్లం, లేదంటే గడ్డిమేటులోకి పోనిచ్చేవాళ్లం. సైకిలు చదువంటే తొక్కడం, పడకపోవడం, అంతే. బ్రేకనే మాట మూడు సాయంత్రాల్లో ఒక్కసారి కూడా నా నోటికి రాలేదు.

బాబా కాళ్ల దాకా ఉండే తెల్ల చొక్కా, అదే థోబు, ఎత్తి పట్టుకుని పరుగందుకున్నాడు. నాలుగడుగుల్లో ఒక చెప్పు జారిపోయింది. నేను ఆలోచించలేదు. మేడమ్ సైకిలు పక్కనే స్టాండు వేసి ఉంది. ఎక్కేశాను.

పదకొండేళ్ల తర్వాత కాళ్లకి ఎవరూ ఏమీ గుర్తు చేయనక్కర్లేకపోయింది. బాబాను దాటేశాను. దాటుతూ "సారీ బాబా" అని కూడా అన్నాను. ఉప్పుగాలి మొహానికి కొట్టింది. ఒడ్డు వెంట దారి ఖాళీగా, తిన్నగా ఉంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క మడ చెట్లు, ముందు నల్లగా మామా. భయపడాల్సిన సమయం అని తెలుసు. నాకు మాత్రం పిచ్చి సంతోషంగా ఉంది, దాచడమెందుకు.

ఆవిడ పక్కకి చేరాను. హేండిలు గట్టిగా పట్టుకుని, పెదాలు బిగించి, ముందుకే చూస్తోంది, నేను చెప్పినట్టే. మొహం మీద చెమట. పదకొండేళ్లలో ఆ మొహాన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

"మామా, నీ వేళ్ల దగ్గరే ఉంది చూడు, అది—"

"చెప్పకు" అంది.

"అది కాదు మామా, ఆపడం ఎలాగంటే—"

"తర్వాత చెబుదువుగాని" అంది మామా. "పుట్టిన దగ్గర్నుంచీ అందరూ నాకు నేర్పింది అదొక్కటే."

వెనక బాబా కేకలు పల్చబడుతున్నాయి. నేను నోరు మూసుకుని ఆవిడ పక్కనే తొక్కాను.