పొయ్యి మీది అద్దం

చిమ్నీ మేస్త్రి పోయాడన్న మాట నాకు బస్సులో తెలిసింది. చౌటుప్పల్‌లో కాలేజీ ముగించుకుని నల్గొండ బస్సెక్కి, కిటికీకి తల ఆనించి సగం నిద్రలో ఉన్నాను. ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "మేడం, నాయిన పొద్దుగాల పోయిండు. రేపు పదింటికి మట్టి" అని, నేను ఏదో అనబోయేలోపే పెట్టేసింది. ఇంకా చాలామందికి చెప్పవలసి ఉండి ఉంటుంది. ఆ చాలామందిలో నేనెందుకున్నానో ఆమెకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా నిద్ర పట్టలేదు.

మా వాడలో పాత ఇళ్లు రాతి గోడలవి, సున్నపు మిద్దెలు. ప్రతి వంటింట్లో పొయ్యి మీదుగా మిద్దె దాకా నిలువుగా పోయే పొగగొట్టం ఉండేది. సిలిండర్లు వచ్చాక చాలా ఇళ్లల్లో అవి పావురాల పాలయ్యాయి. అయినా స్నానాల నీళ్లకు, జొన్నరొట్టెకు కట్టెల పొయ్యి వదలని పెద్దవాళ్లు కొందరు మిగిలారు. వాళ్ల కోసం మిగిలిన మేస్త్రి ఆయన. లోపలి పాత గొట్టం విప్పి కొత్తది దించడం, మిద్దె మీద వాలిపోయిన భాగాన్ని కూల్చి మళ్లీ కట్టడం ఆయన పని. స్లాబు వేసే మేస్త్రీలు సందుకొకరు దొరుకుతారు. దీనికి మాత్రం అందరూ ఆయన కోసమే ఎదురుచూసేవారు.

మా ఇంటికి ఆయన మొదటిసారి వచ్చింది రాష్ట్రం వచ్చిన కొత్తలో. అప్పుడు మేం వంటింటికి గ్రానైటు వేయిస్తున్నాం. పొయ్యి పక్క గోడ మీద పసుపు మరక ఒకటి, ఎన్ని రంగులు వేసినా మళ్లీ పైకి తేలేది. వర్షానికి నల్లటి చుక్కలు రాలేవి. పైనుంచి కోతులు రాళ్లు, మామిడి టెంకలు లోపలికి జారవిడిచేవి. ఇదంతా నేను గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే ఆయన వినలేదు. తిన్నగా వెళ్లి పొయ్యి ముందు, రోజూ మా అత్తమ్మ కూర్చునే చోట చతికిలపడ్డాడు. పక్కనున్న అత్తమ్మను అడిగాడు. "ఏ కంటికి నీళ్లొస్తయి అక్కా?"

"ఎడమ కంటికి" అంది అత్తమ్మ. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

ఆయన తల ఊపి, ఇంట్లో అద్దం ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. అత్తమ్మ తల దువ్వుకునే చిన్న రేకు అద్దం తెచ్చి ఇచ్చింది. దాన్ని పొయ్యి మీద ఇటుకకు ఏటవాలుగా ఆనించాడు. వంగి చూస్తే గొట్టం చివర ఆకాశం తెల్లగా, రూపాయి బిళ్లంత కనిపించింది. "అద్దంల మొగులు కనవడాలె. గది కనవడితె ఇంట్ల మనిషికి ఫికర్ లేదు" అన్నాడు. ఆ మాట ఆయన ప్రతి ఇంట్లోనూ అనేవాడట. తర్వాత తెలిసింది.

అత్తమ్మను కిందే కూర్చోమని ఆయన మిద్దె ఎక్కాడు. ఈ పనికి కింద ఒక మనిషి ఉండాలి. ఒకప్పుడు ఆయన భార్య కూర్చునేదట. మోకాళ్లు పోయాక ఆమె రావడం మానేసింది. అప్పటినుంచి ఏ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారో వాళ్లనే కూర్చోబెట్టేవాడు. పైనుంచి గొట్టంలోకి వంగి, "అక్కా, మసి రాలుతాందా?" అని అడిగేవాడు. గట్టిగా అరవనక్కర్లేదు. పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినిపించేది. "రాలుతాంది, జర మెల్లగ కొట్టు, నా నెత్తి మీద పోస్తవా ఏంది" అని అత్తమ్మ విసుక్కుంటే పైన నవ్వు వినిపించేది.

నేను వెనకాలే మిద్దె ఎక్కాను. పొగగొట్టం అంటే లోపలొకటి, బయటొకటి, రెండు అని అప్పుడే తెలుసుకున్నాను. బయట ఇటుక కట్టు. లోపల ఒకదాంట్లో ఒకటి దిగేలా చేసిన కాల్చిన మట్టి గొట్టాలు. ఆయన భాషలో పైది అంగీ, లోపలిది బనీను. "అంగీ కూడ వాలింది గని, అసలు బనీను చినిగింది బిడ్డా. పొగను గోడ తాగుతాంది. గా పసుపు మరక గదే" అన్నాడు. కుమ్మరికి చెప్పి గొట్టాలు చేయించాలి, అవి ఆరాలి, కాలాలి. పై భాగం మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. నెల పట్టవచ్చు.

నాకు నెల అన్న మాట మాత్రమే వినిపించింది. తెల్లారి బస్సు, సాయంత్రం బస్సు, సంచిలో దిద్దాల్సిన పేపర్లు, ఇల్లంతా సిమెంటు దుమ్ము. పైగా ఆ గ్రానైటు గురించి అత్తమ్మకూ నాకూ నాలుగు రోజులుగా మాటల్లేవు. "అంత పని వద్దు. బండ పెట్టి మూసెయ్యండి. ఎలాగూ గీజర్ పెట్టిస్తున్నాం" అన్నాను.

"అక్కను అడిగినవా?"

"నేను చెప్తాను లెండి. ఆమెకు ఇప్పుడే చెప్తే పంచాయితీ అయితది. ముందు మూసెయ్యండి."

ఆయన చాలాసేపు గొట్టం అంచు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "నీళ్లు పల్లానికి పోతయి, పొగ మిట్టకు పోతది. నడుమ మనం అడ్డం నిలవడొద్దు బిడ్డా" అన్నాడు. నేను వాచీ చూసుకున్నాను. అలా చూసుకున్నట్టు ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఒక షాబాదు బండ ముక్క ఎత్తి గొట్టం మీద పెట్టి, చుట్టూ సిమెంటు పూశాడు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర, "అక్కకు ఇయ్యాలనే చెప్పు" అన్నాడు. సరేనన్నాను.

ఆ సాయంత్రం అత్తమ్మ నాతో మాట్లాడలేదు. గ్రానైటు కోపమే అనుకున్నాను. ఆ కోపం తగ్గాక చెబుదామనుకున్నాను. మర్నాడు బస్సు, ఆ మర్నాడు బస్సు. గ్రానైటు పని అయ్యేదాకా పొయ్యి వెలిగించే వీల్లేదు, అది అయ్యేలోపే గీజర్ వచ్చింది. ఇక చెప్పే అవసరం లేదనిపించింది.

తర్వాత ముసురు పట్టిన వారంలో ఒక పొద్దున కరెంటు పోయింది. నేను అప్పటికే బస్సులో ఉన్నాను. గాలికి తలుపులు, కిటికీ వేసుకుని అత్తమ్మ స్నానానికి నీళ్లు కాచుకుందామని పొయ్యి వెలిగించింది. మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం మా ఆయన మళ్లీ ఇంటికి రాకపోతే ఈ రాత మరోలా ఉండేది. ఆయన తలుపు తోసేసరికి గది నిండా పొగ, గోడకు ఒరిగిపోయిన అత్తమ్మ. దవాఖానలో రెండు రోజులు తెలివి లేదు. పొగ బయటికి పోయే దారి లేకపోవడమే కారణమన్నాడు డాక్టరు.

మూడో రోజు అత్తమ్మను ఇంటికి తెచ్చాం. మా ఆయన మిద్దె ఎక్కి బండ చూసి దిగాడు. ఎవరు మూశారని అరుస్తుంటే ఆడబిడ్డ, పక్కింటివాళ్లు అందరూ వాకిట్లోనే ఉన్నారు. ఎవరు చెప్పారో, మేస్త్రి అప్పుడే గేటు తీసుకుని వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే మూసిన సారూ. కోతులు రాకుంట బండ పెట్టిన. ఎవ్వరికి చెప్పలె. మర్సిన" అన్నాడు.

మా ఆయన మేస్త్రిని అనరాని మాటలన్నాడు. నేను గడపలో వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని ఉన్నాను. మేస్త్రి ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను నోరు తెరిచేదాన్నేమో అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమో కాదో తెలియదు.

వేరే మేస్త్రిని వెతుకుతామని అందరూ అంటుంటే మంచం మీదినుంచి అత్తమ్మే అడ్డం పడింది. "ఆయన్నే పిలువున్రి. మూసినోడే తెరుస్తడు" అంది. ఆమెది పెద్ద మనసు అనుకున్నాం.

ఆయన నెల రోజులు పనిచేశాడు. బండ తీసి, మిద్దె మీది కట్టు ఒక్కో ఇటుకా విప్పి, లోపలి పాత గొట్టాల పెంకులను తాడు కట్టిన బుట్టతో పైకి లాగాడు. కొత్త గొట్టాలు వచ్చినప్పుడు ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. మొద్దుగా మోగినవాటిని పక్కన పెట్టేశాడు. అతుకులకు ఎర్రమట్టి, సున్నం, వరిపొట్టు బూడిద కలిపిన ముద్ద. సిమెంటు వాడొచ్చు కదా అని మా ఆయన ముభావంగా అడిగితే, "మట్టికి పొయ్యి తెల్సు సారూ, సిమెంటుకు తెల్వదు. కాకకు పగుల్తది" అన్నాడు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని, ప్రార్థన చేసుకుని తన డబ్బా తనే తినేవాడు. పొద్దుమీకి చేతులు కడుక్కుని వెళ్లిపోయేవాడు.

ఒకరోజు సెలవు పెట్టి మిద్దె ఎక్కాను. "మీరెందుకలా చెప్పారు?" అని అడిగాను. ఆయన ఇటుకలు పేర్చడం ఆపలేదు.

"మీరిద్దరు ఒక్క వంటింట్ల మెసలాలె బిడ్డా. నేను పని అయితె ఇంటికి పోయేటోణ్ణి" అన్నాడు. ఇటుక మీద ముద్ద పరుస్తూ, "బండ ఎత్తింది నా చేతులే గద" అన్నాడు.

నేను చెప్పేస్తానన్నాను. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇటుక అందియ్యమన్నాడు. అందించాను. అంతే నేను చేసింది.

ఆ తర్వాత ఏళ్లలో ఆయన బస్టాండులోనో కూరగాయల మార్కెట్లోనో కనిపించేవాడు. బాగున్నావా అని అడిగేవాడు కాదు. "మొగులు కనవడ్తాందా?" అనేవాడు. కనబడుతోందనేదాన్ని. ఏటేటా చెంపలు లోపలికి పోయాయి, దగ్గు ఎక్కువైంది. పని ఉంటోందా అని అడిగితే నవ్వి, అందరూ గ్యాసే గద అనేవాడు. నేను ఆ మాటను నమ్మాను. నమ్మడం నాకు సులువు.

ఫోన్ వచ్చిన మర్నాడు పదింటికి ఆయన ఊరి సమాధుల దగ్గరికి వెళ్లాను. పాస్టరు ప్రార్థన, రెండు పాటలు, తలా పిడికెడు మట్టి. అయ్యాక ఆయన బిడ్డ నాకు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. తండ్రి చివరి ఏళ్ల గురించి అడిగితే చెప్పింది. "మీ ఇంటి సంగతి తర్వాత టౌన్ల ఎవ్వరు పిలువలె మేడం. ముసలామెను చంపబోయిన మేస్త్రి అన్నరు. ఉపాధి పనికి పోయిండు. మా నాయిన మర్సిపోయే మనిషి కాదు మేడం. చెప్పులు ఏ దిక్కు ఇడిసిండో గూడ యాదికుంచుకునేటోడు. గదే నాకు సమజ్ గాలె."

ఆమె నన్ను నిందించలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగింది. అక్కడే ఆమెకు చెప్పాను. బండ పెట్టించింది నేను, దాచింది నేను అన్నాను. ఆమె చాలాసేపు నా చేతిలోని గ్లాసు వైపు చూసింది. "ఆయన ఉన్నప్పుడు అంటే బాగుండు" అంది. తర్వాత గ్లాసు తీసుకుని లేచి వెళ్లింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమెకు ఎనభై దగ్గర. కాళ్లు కడుక్కుని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఇన్నేళ్లుగా నోట్లో తిప్పుకున్న మాటలేవీ రాలేదు. "అత్తమ్మా, ఆ బండ నేనే పెట్టించిన" అన్నాను.

"ఎరికే" అంది.

నేను ఆమె ముఖం వైపు చూశాను.

"నేను కిందనే కూసున్న గద. నువ్వన్నది అంత ఇనవడ్డది. అద్దంల మొగులు ఉన్నట్టుండి నల్లగైంది, అది గూడ చూసిన." ఆమె పీట మీద కొంచెం సర్దుకుంది. "నాకు చెప్తవేమో అని చూసిన. చెప్పలె. గా పొద్దు మూసి ఉన్నదని తెల్సే ఎలిగించిన. నీ మీద కోపం. గింత పొగ అయితది, నలుగురు అడుగుతరు, నీ సంగతి బయట పడ్తది అనుకున్న. పానం మీదికి వస్తదనుకోలె."

అత్తమ్మ పొయ్యిలోని బూడిదను పుల్లతో పక్కకు నెట్టింది.

"ఆయన వాకిట్ల నిలవడి నేనే అన్నప్పుడు మంచం మీద ఇన్న. తప్పు నాది గూడ అని లేచి చెప్పాలె. సిగ్గయింది. పని ఇచ్చి సరిపెట్టుకున్న" అంది.

ఆ సాయంత్రం మా ఆయనకు ఇద్దరం కలిసే చెప్పాం. ఆయన అన్నం ముందు నుంచి లేచి మిద్దె మీదికి వెళ్లి, చీకటి పడ్డాక దిగి వచ్చాడు. ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడమని నేనూ అడగడం లేదు.

ఇదంతా అచ్చులో రాస్తానంటే అత్తమ్మ, "రాయి, నాది గూడ రాయి" అంది. తండ్రి పేరు మాత్రం వద్దంది ఆయన బిడ్డ. మా వాడ వాళ్లకు పేరు అక్కర్లేదు, చిమ్నీ మేస్త్రి అంటే చాలు. ఆయన ఏదీ మరిచిపోలేదు. మా ఇంట్లో ఇద్దరాడవాళ్లు నోరు మూసుకున్నందుకు ఆయన పని పోయింది. ఇది చదివి ఎవరైనా ఆయన్ని మరోలా తలచుకుంటే ఆయనకు ఏం ఒరుగుతుందో నాకు తెలియదు. ఆలస్యమైందని మాత్రం తెలుసు.

నిన్న పొద్దున అత్తమ్మ తన రేకు అద్దం తెమ్మంది. అంచు తుప్పు పట్టింది, మధ్యలో పాదరసం లేచింది. పొయ్యి మీద ఇటుకకు ఆనించి పెట్టాను. ఇద్దరం వంగి చూశాం. మచ్చల మధ్య ఆకాశం ఉంది, తెల్లగా, రూపాయి బిళ్లంత. ఎక్కడినుంచో చిన్న మసి పెంకు రాలి అద్దం మీద పడింది. అత్తమ్మ కొంగుతో తుడిచింది. తర్వాత తల పైకెత్తి, గొట్టంలోకి, పక్కనున్న మనిషితో అన్నట్టే మెల్లగా అంది.

"కనవడ్తాంది మేస్త్రీ."

చెప్పి, అలవాటుగా కాసేపు తల పైకెత్తే ఉంచింది. అద్దంలో మబ్బు తునక ఒకటి ఒక అంచు నుంచి మరో అంచుకు నెమ్మదిగా దాటిపోయింది.